స్థాలీపులాకం నుండి సాంఖ్యకం వరకు: అంశం చేత అంశిని ఎరుగుట

అంశాన్ని పరిశీలించి అంశిని గూర్చి నిర్ణయానికి రావడం మానవబుద్ధికి సహజమైన వ్యాపారం. గృహిణి కుండలోని ఒక్క మెతుకును వ్రేళ్ల నడుమ నలిపి అన్నమంతా ఉడికినదని తెలుసుకుంటుంది. ధాన్యపు వర్తకుడు బస్తాలోని గుప్పెడు గింజలను అరచేత పోసుకొని బస్తాకు వెల కడతాడు. వైద్యుడు కొద్ది రక్తబిందువులను పరీక్షించి దేహమంతటి స్థితిని చెబుతాడు. ఈ ముగ్గురిలో ఎవరూ పూర్ణాన్ని పూర్ణంగా చూడలేదు. అయినను పూర్ణాన్ని గూర్చి పలికారు. ఆ పలుకుకు అధికారం ఎక్కడి నుండి వచ్చింది? దాని హద్దు ఏది?

ఆధునికులు ఈ ప్రశ్నకు సమాధానాన్ని సాంఖ్యక శాస్త్రంలో వెదికారు. మన పూర్వులు దీనిని ఇతిహాసంలోను, వ్యాకరణంలోను, తర్కంలోను స్పృశించారు. ఈ రెండు ధారలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు జిజ్ఞాసువుకు ఒక విషయం స్పష్టమవుతుంది: అంశం అంశిని గూర్చి సత్యం చెప్పాలంటే, ఆ అంశాన్ని ఎన్నుకొనే చేతిలో రాగం ఉండరాదు. ఈ వ్యాసానికి ప్రాణం ఆ ఒక్క మాటయే.

విభీతక వృక్షం క్రింద

మహాభారతంలోని అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉన్నది. నన్నయభట్టారకుని ఆంధ్రీకరణం వలన తెలుగువారికి అది ఇంటి కథ అయినది. ద్యూతంలో రాజ్యాన్ని కోల్పోయి, దమయంతిని అడవిలో విడిచి, కర్కోటకుని కాటు చేత రూపం మారిన నలుడు, బాహుకుడనే పేరుతో అయోధ్యాధిపతియైన ఋతుపర్ణుని వద్ద సారథిగా కాలం గడుపుతుంటాడు. దమయంతికి పునఃస్వయంవరమనే వార్త విని ఋతుపర్ణుడు విదర్భకు బయలుదేరుతాడు. రథం పట్టినవాడు అశ్వహృదయవేత్త. వేగం ఎంతటిదంటే రాజు ఉత్తరీయం జారిపడగా, ఆపుమని చెప్పేలోపునే రథం యోజనం దూరం దాటిపోయింది.

సారథి నైపుణ్యం చూచిన రాజుకు తన విద్యను కూడ ప్రదర్శించాలన్న ఉత్సాహం కలిగింది. మార్గంలో ఒక విభీతక వృక్షం, అనగా మనం తానిచెట్టు అని పిలిచే వృక్షం, కనబడింది. నేల రాలిన ఆకులకు, పండ్లకు, కొమ్మలపై ఉన్నవాటికి గల తారతమ్యాన్ని అతడు క్షణంలో చెప్పాడు. రెండు శాఖలలో అయిదు కోట్ల ఆకులు, 2095 పండ్లు ఉన్నవన్నాడు. బాహుకుడు నమ్మలేదు. పరోక్షంలో చెప్పిన మాటను ప్రత్యక్షంగా లెక్కించి చూడనిదే అంగీకరించనన్నాడు. కాలవిలంబం రాజుకు ఇష్టం లేదు. ప్రచారంలో ఉన్న పాఠంలో ఇక్కడ ఒక చిన్న మాట ఉన్నది: శాఖలో తాను చూపిన ఏకదేశాన్ని మాత్రం లెక్కించి తృప్తి పొందుమని రాజు చెబుతాడు. ఏకదేశమంటే ఒక భాగం. చెట్టంతటికీ ఒక భాగమే సాక్ష్యం. బాహుకుడు రథం దిగి లెక్కించాడు. సంఖ్య సరిపోయింది. ఆశ్చర్యపడిన అతనితో ఋతుపర్ణుడు తాను అక్షహృదయజ్ఞుడననీ, సంఖ్యానంలో విశారదుడననీ చెప్పాడు.

పండ్లు లెక్కించడానికీ, పాచికలకూ సంబంధమేమిటన్న సందేహం ఇక్కడ కలుగుతుంది. వైదికకాలంలో అక్షములంటే నేటి నాలుగు ముఖాల పాచికలు కావు. విభీతక ఫలాల గింజలే అక్షములు. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం జూదరి దైన్యాన్ని వర్ణించేది ఈ గింజల ఆట నేపథ్యంలోనే. రాశిలోనుండి కొన్నింటిని గ్రహించి నాలుగేసి చొప్పున విడదీసినప్పుడు, ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒకటైతే కలి అని పండితులు ఆ క్రీడను వివరించారు. రాశిని చూడగానే సంఖ్యను గ్రహించగలవాడే ఆ ఆటలో నేర్పరి. కనుక ఋతుపర్ణుని వృక్షగణనం, ద్యూతవిద్య ఒకే విద్యకు రెండు ముఖాలు. కలి అన్న పేరు ఓటమి పందానికీ, నలుని ఆవేశించిన పురుషునికీ, మనం జీవిస్తున్న యుగానికీ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు.

తరువాత జరిగినది కథకు మర్మస్థానం. నలుడు అశ్వహృదయాన్ని ఇవ్వడానికి అంగీకరించి అక్షహృదయాన్ని స్వీకరించాడు. ఆ విద్య లోపలికి ప్రవేశించగానే కలి కర్కోటక విషాన్ని కక్కుతూ బయటపడి విభీతక వృక్షంలో దాగినాడు. చాలాకాలంగా నలుని దేహంలో ఉండి దహింపబడుతున్న కలిని వెడలగొట్టినది మంత్రం కాదు, యుద్ధం కాదు, సంఖ్యాజ్ఞానం. వ్యసనపరుడు ప్రతి పందాన్నీ ఒంటరిగా చూస్తాడు, ఈసారి నాదే అనుకుంటాడు. సంఖ్యాజ్ఞుడు పందాల రాశినంతటినీ చూస్తాడు. ఆ దృష్టిభేదమే కలినిష్క్రమణం. ఈ కథను కామ్యకవనంలో ధర్మరాజుకు చెప్పిన బృహదశ్వ మహర్షి, చివర ఆయనకు కూడ అక్షహృదయాన్ని ఉపదేశించాడు. జూదంలో ఓడినవానికి జూదపు సంఖ్యాతత్త్వమే ఔషధమని వ్యాసభగవానుని అభిప్రాయం కావచ్చు.

అతిశయోక్తికి హద్దు

1975లో ఇయాన్ హ్యాకింగ్ అనే తత్త్వవేత్త సంభావ్యతా భావన ఎట్లా ఆవిర్భవించిందో చర్చించిన గ్రంథంలో ఈ ఋతుపర్ణ వృత్తాంతాన్ని పేర్కొన్నాడు. యూరప్‌లో పదునేడవ శతాబ్దం మధ్యభాగంలో రూపు దిద్దుకొన్నదని ఆయన చెప్పిన భావనకు, భారతదేశంలో అంతకు ఎంతో పూర్వమే ఇటువంటి సూచన ఉన్నదని పాశ్చాత్య పాఠకులకు తెలిసింది.

ఇక్కడ మనం జాగ్రత్త వహించాలి. ఋతుపర్ణుడు ఏ పద్ధతితో లెక్కించాడో ఇతిహాసం చెప్పలేదు. ఒక చిన్న కొమ్మను చూచి, కొమ్మల సంఖ్యతో గుణించి ఉండవచ్చునన్నది వ్యాఖ్యాతల ఊహ. అయిదు కోట్ల ఆకులన్నది కావ్యోచితమైన సంఖ్య. సమస్త గణితమూ భారతంలో ఉన్నదని చాటడం భారతానికి గౌరవం కాదు. ఆ కథలో ఉన్నది అంతకంటె విలువైనది: పూర్ణాన్ని గూర్చిన వాక్యం, దానిని అంగీకరించని సంశయాత్ముడు, పరీక్షకు నిలిచిన ఏకదేశం. ప్రమాణచింతకు కావలసిన మూడు అంగాలూ అక్కడ ఉన్నవి. అంతేకాదు, ఒక లోపం కూడ అక్కడే దాగి ఉన్నది. లెక్కించవలసిన భాగాన్ని చూపినది వాక్యం పలికిన రాజే. తన మాటను నిరూపించుకోదలచినవాడే సాక్షిని ఎన్నుకొంటే ఆ సాక్ష్యం ఎంత? ఈ ప్రశ్నకు సమాధానం కోసం చాలా శతాబ్దాలు ఆగవలసి వచ్చింది.

ఒక్క మెతుకు చాలునా?

లౌకిక న్యాయాలలో స్థాలీపులాక న్యాయం సుప్రసిద్ధం. స్థాలి అంటే వంటపాత్ర, పులాకమంటే మెతుకు. పతంజలి మహర్షి మహాభాష్యంలో ఈ దృష్టాంతాన్ని వాడారు. కుండ స్థితిని తెలుపడానికి ఒక్క మెతుకు చాలునని దీని భావం. అన్నమంతా పట్టి చూడనక్కర లేదని మన పల్లెల్లో చెప్పేది కూడ ఇదే.

అయితే ఒక్క మెతుకు ఎందుకు చాలుతుంది? బియ్యం ఒకే రకం, నీరు ఒకటే, నిప్పు ఒకటే, కాలం ఒకటే. పైగా గరిటెతో కలియబెట్టారు. ఈ సమానత్వమే ఒక్క మెతుకుకు అధికారమిచ్చింది. కొత్తబియ్యం, పాతబియ్యం కలిపి వండినా, క్రింద మాడి పైన పలుకుగా ఉన్నా ఒక్క మెతుకు చాలదు. అప్పుడు పలుచోట్ల నుండి, పైనా క్రిందా కలిపి, ఎక్కువ మెతుకులు చూడాలి. అప్పుడు కూడ లభించేది ఉడికినది, ఉడకలేదు అనే ఏకపద నిర్ణయం కాదు. ఇన్నింటిలో ఇన్ని ఉడికినవనే నిష్పత్తి.

దేవాలయాల్లో జరిగే అన్నసంతర్పణను ఉదాహరణగా ఊహించుదాం. ఉత్సవానికి 4000 మంది భక్తులు వస్తారు. ఎందరు పాయసం మారు అడుగుతారో వంటవారికి ముందుగా తెలియాలి. 200 మందిని పరిశీలిస్తే 50 మంది మారు అడిగారు. అది నాలుగవ వంతు. కనుక 4000 మందిలో సుమారు 1000 మంది అడుగుతారని అంచనా. ఇంతవరకు త్రైరాశికం, మన బాలురు నేర్చినదే.

సాంఖ్యక శాస్త్రం ఇక్కడ ఆగదు. ఆ 200 మంది స్థానంలో మరొక 200 మంది ఉంటే 50కి బదులు 44 కావచ్చు, 57 కావచ్చు. కనుక 1000 అన్న సంఖ్య చుట్టూ ఒక చాంచల్య మండలం ఉన్నది. ఈ ఉదాహరణలో గణితం ప్రకారం అది సుమారు 750 నుండి 1250 వరకు. ఇట్టి పరిశీలనలు 100 చేసి, ప్రతిసారీ ఇట్టి మండలాన్ని గీస్తే, అసలు సంఖ్య సుమారు 95 పర్యాయాలు ఆయా మండలాల లోపలే ఉంటుంది. 200కు బదులు 800 మందిని చూస్తే మండలం సగమై, సుమారు 880 నుండి 1120 వరకు కుదించుకొనిపోతుంది. పరిశీలన నాలుగింతలైతే అనిశ్చయం సగమవుతుంది, అంతే. నిశ్చయం చౌకగా లభించదు.

అయితే ఆ 200 మందీ మొదటి పంక్తిలో కూర్చున్నవారే అయితే? ఉపవాసం ఉండి ముందుగా వచ్చిన ఆకలిగొన్నవారు, లేదా పెరుగన్నం వరకే తిని వెళ్లే వృద్ధులు మాత్రమే అయితే? అప్పుడు 800 కాదు, 2000 మందిని చూచినా అంచనా వంకరగానే ఉంటుంది. సంఖ్య పెరిగితే చాంచల్యం తగ్గుతుంది, పక్షపాతం తగ్గదు. ఈ భేదాన్ని గ్రహించినవాడు సాంఖ్యకంలో సగం గ్రహించినట్లే.

వ్యాప్తి, వ్యభిచారం

నైయాయికులు ఈ సమస్యను మరొక ద్వారం నుండి సమీపించారు. ఎక్కడ పొగ ఉన్నదో అక్కడ నిప్పు ఉన్నదన్న నియమానికి వ్యాప్తి అని పేరు. మన ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వంటశాల మొదలైన చోట్ల పలుమార్లు చూచి ఈ వ్యాప్తిని గ్రహించిన తరువాతనే కొండపై పొగను చూచి నిప్పును అనుమానించడం సాధ్యమని బోధించాడు. చూచినవి కొన్ని వంటశాలలు. పలికినది సమస్త దేశకాలాలను గూర్చి. చార్వాకుడు ఇక్కడనే పట్టుకున్నాడు. చూడని చోట నియమం తప్పదని నీకెట్లా తెలిసిందని అడిగాడు. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఇచ్చిన సమాధానం గంభీరమైనది: రేపటిని, దూరదేశాన్ని గూర్చి శంకించడానికి కూడ అనుమాన ప్రమాణమే ఆధారం, కనుక శంక తన కాళ్ల క్రింది నేలను తానే త్రవ్వుకోరాదు. శంకకు కూడ అవధి ఉన్నది.

నైయాయికులు ఉపాధి అనే దోషాన్ని కూడ గుర్తించారు. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉంటుందని పలికితే తప్పు, ఎందుకంటే కాలిన ఇనుపగుండులో పొగ లేదు. నిప్పుకు తడి కట్టె తోడైనప్పుడే పొగ వస్తుంది. పైకి కనబడని ఆ తడి కట్టెయే ఉపాధి. మొదటి పంక్తిలోని ఆకలి కూడ ఇట్టి ఉపాధియే.

అయినను ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. వ్యాప్తికి ఒక్క వ్యభిచారం చాలు, అది భగ్నమవుతుంది. ఒక్కచోట పొగ ఉండి నిప్పు లేకుంటే నియమం పోయినట్లే. నూటికి 75 మంది అన్న వాక్యంలో 25 వ్యభిచారాలు ముందే అంగీకరింపబడినవి. నైయాయికుని దృష్టిలో అది నియమం కాదు. సాంఖ్యకుడు చేసిన నూతన కార్యం ఇదే: వ్యభిచారాన్ని దోషంగా త్రోసివేయక, దానిని కొలిచి జ్ఞానంలో భాగం చేశాడు.

ఆ కొలతకు మొదటి గట్టి ఆధారాన్ని ఇచ్చినవాడు స్విట్జర్లండ్ దేశీయుడైన యాకోబ్ బెర్నూలీ. ఆయన మరణానంతరం 1713లో వెలువడిన గ్రంథంలో ఒక పాత్రలో 3000 తెల్లరాళ్లు, 2000 నల్లరాళ్లు ఉన్నవనుకొని, ఒక్కొక్క రాయిని తీసి, చూచి, మరల వేస్తూ పోతే, కనబడే నిష్పత్తి అసలు నిష్పత్తిని సమీపిస్తుందని నిరూపించాడు. తాను కోరిన సూక్ష్మతలో, వేయింట ఒక్కపాలు మాత్రమే సందేహం మిగిలేటట్లు తెలుసుకోవడానికి 25,550 పర్యాయాలు తీయాలని ఆయన గణించాడు. భూయోదర్శనమని మనవారు పిలిచినదానికి ఆయన పరిమాణం కట్టాడు.

సాంఖ్యమన్న పేరు

ఈ రెండు ధారలు భారతదేశంలో కలసిన చోటు కలకత్తా. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడైన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931 డిసెంబరులో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించారు. 1933లో వెలువడిన సంస్థ పత్రికకు సాంఖ్య అని పేరు పెట్టారు. తొలి సంపాదకీయం ఆ పేరును వివరించింది: సంఖ్య అంటే అంకె మాత్రమే కాదు, నిశ్చయాత్మక జ్ఞానమని మూలార్థం, అమరకోశం దానికి విచారణ అనే అర్థాన్ని కూడ ఇస్తున్నది. ప్రకృతి పురుష వివేకాన్ని బోధించిన దర్శనానికీ, జనపనార పంటను అంచనా వేసే శాస్త్రానికీ ఒకే ధాతువు నుండి పేరు రావడం జిజ్ఞాసువులు మననం చేయదగిన విషయం. వివేచనం లేని సంఖ్య సంఖ్య కాదు. సంస్థ ధ్యేయవాక్యం కూడ సంస్కృతమే. భిన్నములలో ఐక్యాన్ని దర్శించడం దాని భావం.

1937లో మహలనోబిస్ వంగదేశంలో జనుము సాగును అంచనా వేసే నమూనా సర్వేక్షణను ఆరంభించారు. ప్రతి పొలాన్నీ చూచే ప్రయత్నానికి వేలమంది సిబ్బంది, విశేష ధనం కావాలి. శిక్షణ లేని సిబ్బంది చేతిలో పూర్ణగణనం కూడ తప్పులకుప్ప కాగలదు. కొద్ది భూఖండాలను యాదృచ్ఛికంగా, అనగా అంకెల పట్టిక నిర్దేశించినట్లు, ఎన్నుకొని శిక్షితుల చేత చూపిస్తే తక్కువ వ్యయంతో నమ్మదగిన అంచనా లభిస్తుందని ఆయన నిరూపించారు. ఇక్కడ ఋతుపర్ణుని కథలో మిగిలిన ప్రశ్నకు సమాధానం దొరికింది. శాఖను రాజు చూపరాదు, బాహుకుడు చూపరాదు. ఏ ఇష్టమూ లేని యాదృచ్ఛికత చూపాలి.

పంటకోత ప్రయోగాల చరిత్రలో దీనికి కనువిప్పు కలిగించే నిదర్శనం ఉన్నది. పొలంలో చిన్న చట్రాన్ని ఉంచి దానిలోపలి పైరును కోసి తూచడం ఒక పద్ధతి. చట్రం చిన్నదైనకొద్దీ దిగుబడి అసలుకంటె ఎక్కువగా తేలింది. అంచు మీద నిలిచిన మొక్కను లోపలిదిగా లెక్కించే ప్రవృత్తి కోసేవాని చేతిలో ఉన్నది. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరికీ లాభం లేదు. అయినను నిండుకంకి కనబడితే చేయి దానిని లోపలికి లాక్కొన్నది. రాగం ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చెప్పడానికి దీనికంటె మంచి దృష్టాంతం వేదాంత గ్రంథాలలో కూడ అరుదు.

మహలనోబిస్ మరొక ఉపాయం చేశారు. ఒకే ప్రాంతం నుండి రెండు నమూనాలను తీసి, పరస్పరం సంబంధం లేని రెండు బృందాలకు అప్పగించడం. రెండు ఫలితాలూ సమీపంగా ఉంటే విశ్వాసం. దూరంగా ఉంటే విచారణ. కౌటిలీయ అర్థశాస్త్రం రెండవ అధికరణంలో గోపుడు గ్రామాల పొలాలను, ఇండ్లను, కుటుంబాలను లెక్క వ్రాయగా, గృహస్థవేషంలో ఉన్న చారులు ఆ లెక్కలను వేరుగా పరిశీలించాలని సమాహర్తకు విధించడం ఇక్కడ స్మరణీయం. స్వతంత్ర సాక్ష్యం విలువ మనవారికి కొత్త కాదు. ఈ అనుభవమంతా 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేక్షణకు పునాది అయినది.

తెలుగువాని హద్దురేఖ

ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు శాశ్వతంగా నిలిచింది. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగళిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులకు అష్టమ సంతానం కావడం చేత దేవకీ అష్టమగర్భ సంజాతుడైన శ్రీకృష్ణుని పేరు ఆయనకు వచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తా చేరి, మహలనోబిస్ సంస్థలో ప్రవేశించారు.

1945లో, పాతికేళ్ల ప్రాయంలో, ఆయన ప్రకటించిన వ్యాసంలోని ఒక ఫలితం నేడు క్రామెర్-రావు అసమానత అనే పేరుతో ప్రపంచమంతటా బోధింపబడుతున్నది. స్వీడన్ దేశీయుడైన హెరాల్డ్ క్రామెర్ దానిని స్వతంత్రంగా సాధించడం వలన ఇద్దరి పేర్లూ చేరినవి. దాని సారం ఇది: అంశం నుండి అంశిని పక్షపాతం లేకుండా అంచనా వేసే పద్ధతి ఎంత ఉత్తమమైనదైనా, ఆ అంచనాలోని చాంచల్యం ఒక కనిష్ఠ రేఖకు దిగువకు పోజాలదు. ఆ రేఖను నిర్ణయించేది పండితుని ప్రతిభ కాదు. దత్తాంశంలో నిక్షిప్తమైన సమాచార పరిమాణం. బుద్ధి ఎంత పదునైనదైనా, తనకు లభించిన సాక్ష్యం ఇచ్చినంత నిశ్చయాన్నే పొందగలదు.

2023లో సాంఖ్యకంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమానం ఆయనకు ప్రకటింపబడింది. ఆ సంవత్సరం ఆగస్టు 22న, 102 సంవత్సరాలు నిండిన ఆ మహనీయుడు దేహం చాలించారు. జ్ఞానానికి హద్దును నిరూపించడం కూడ జ్ఞానమేనని ఆయన కృషి తెలుపుతున్నది. ప్రమాణాల వ్యాప్తిని నిర్ణయించడానికి దర్శనకారులు అంత శ్రమపడినది కూడ ఇందుకే.

సాధకునికి దీనితో ప్రయోజనం

ఇది సాధకునికి అక్కరలేని లౌకికవిద్య అనిపించవచ్చు. అక్కర ఉన్నది, చాల దగ్గరగానే ఉన్నది.

ఒక వ్రతం ఆచరించి ఫలం పొందినవాడు పదిమందికి చెబుతాడు. ఆచరించి పొందనివాడు మౌనం వహిస్తాడు, లేదా తన శ్రద్ధలోనే లోపమున్నదని తలవంచుకొంటాడు. మనకు వినబడేది మొదటి కంఠమే. వినబడిన కంఠాలను లెక్కించి ఈ వ్రతం అందరికీ ఇట్టి ఫలం ఇస్తుందని నిర్ణయిస్తే, మొదటి పంక్తిని చూచి సంతర్పణమంతా అంచనా వేసినట్లే. వ్రతం నిష్ఫలమని దీని అర్థం కాదు. మన నిర్ణయానికి ఆధారం లేదని మాత్రమే అర్థం. శ్రద్ధకు గణాంకాల ఊతకర్ర అక్కరలేదు. పక్షపాతంతో ఏరిన నమూనాను ఊతకర్రగా ఇస్తే, అది విరిగిన నాడు శ్రద్ధ కూడ క్రిందపడుతుంది. మౌనంగా మిగిలిన భక్తుని దుఃఖంపై ఆ లెక్క వలన అపరాధభావం కూడ చేరుతుంది. ఈ అన్యాయాన్ని భక్తసమాజం గుర్తించాలి.

ఇతర మతస్థులను, ఇతర సంప్రదాయాలవారిని, ఒక కులాన్ని, ఒక ప్రాంతాన్ని గూర్చి మనం పలికే మాటలు కూడ ఇట్టివే. ద్వేషం తనకు కావలసిన ఇద్దరు ముగ్గురిని ఏరుకొని సమూహమంతటికీ సాక్షులుగా నిలుపుతుంది. మోహం తన గురువు చుట్టూ ఉన్నవారిలో ఉత్తములను మాత్రమే చూస్తుంది. రెండూ నిండుకంకిని చట్రంలోకి లాక్కొన్న చేతులే.

చివరి మాట మరింత సూక్ష్మమైనది. నిష్పత్తి సమూహాన్ని గూర్చి చెబుతుంది, వ్యక్తిని గూర్చి కాదు. 4000 మందిలో సుమారు 1000 మంది మారు అడుగుతారని వంటవానికి తెలుసు. ఎదుట విస్తరి వేసుకొని కూర్చున్న ఈ భక్తుడు అడుగుతాడా లేదా అన్నది ఆ లెక్క చెప్పదు. ఒక వ్యాధి నుండి నూటికి ఇరవైమందే కోలుకొంటారని వైద్యుడు చెప్పినప్పుడు, అది రోగి నుదుటివ్రాత కాదు. అతనివంటి వారి రాశిని గూర్చిన సత్యం. ఆ సత్యాన్ని త్రోసివేయడం మౌఢ్యం. దానినే తన గతిగా భావించి ప్రయత్నం మానుకోవడం కూడ మౌఢ్యమే. ఫలాన్ని గూర్చిన అంచనా రాశికి చెందినది. కర్తవ్యం వ్యక్తికి చెందినది. భగవద్గీత కర్మను మనకు విడిచి, ఫలం మీది అధికారాన్ని మన నుండి తీసుకొన్నది ఈ వివేకం కోసమే.

నలుడు అక్షహృదయాన్ని పొందిన తరువాత జూదం మానుకోలేదు. పుష్కరునితో మరల ఆడి రాజ్యాన్ని తిరిగి పొందాడు. అయితే ఈసారి ఆడినవాడు కలిగ్రస్తుడు కాడు. ఓడిన సోదరుని చంపక, అతని భాగాన్ని అతనికిచ్చి గౌరవించి పంపినాడు. సంఖ్య తెలిసినవాడు క్రూరుడు కానక్కరలేదని, రాశిని చూచిన కన్ను ఎదుటి మనిషిని కూడ చూడగలదని ఆ కథ మనకు చెబుతున్నది. అంశాన్ని రాగరహితంగా ఎన్నుకొని, అంశిని గూర్చి హద్దెరిగి పలికి, ఎదుట నిలిచిన ఒక్కని యందు ఆ లెక్కను దాటిన గౌరవాన్ని నిలుపుకొనడమే సాంఖ్యకం సాధకునికి ఇచ్చే ఉపదేశం.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.